మావయ్యతో పాత రైలుదారిలో

మావయ్య పోయి మొన్నటికి ఏడాది నిండింది. సంవత్సరీకానికి నేను వెళ్ళలేకపోయాను. ఎవరెవరొచ్చారు, పెన్షనర్ల సంఘం వాళ్ళు ఎంతమంది భోంచేశారు, అన్నీ బావ ఫోన్లో చెబుతున్నాడు. వింటూ వరండాలోకి వచ్చాను. ఇక్కడ అప్పుడే జల్లు పడి వెలిసింది. మా వీధి చివర పార్కు బాటకి పరిచిన సున్నపురాయి పొడి తడిసి వాసనేస్తోంది. ఆ తర్వాత బావ ఏం చెప్పాడో సరిగా వినలేదు. ఒక వేసవిలో, అచ్చం ఇలాంటి తడిసిన రాతిపొడి మీద, మావయ్య నా ముందు సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు.

మావయ్య రైల్వేలో పీడబ్ల్యూఐ, అంటే పట్టాల బాగోగులు చూసే ఇన్‌స్పెక్టరు. గుంటూరు–గుంతకల్లు మీటర్‌గేజి లైన్లో సర్వీసంతా ట్రాలీ మీదే గడిపిన మనిషి. చిన్నప్పుడు సెలవలకి వాళ్ళ క్వార్టర్స్‌కి వెళ్తే, తెల్లవారకముందే గ్యాంగ్‌మన్లు వచ్చి గుమ్మం ముందు నిలబడి ఉండేవాళ్ళు. కాఫీ తాగుతూనే ఎవరు ఏ కిలోమీటరు దగ్గర ఏం చెయ్యాలో చెప్పేసేవాడు. కాగితం చూసేవాడు కాదు. లైనంతా ఆయన తలలోనే ఉండేది.

రిటైరయ్యాక అత్తయ్యతో కలిసి ఒక వేసవికి మా దగ్గరికి వచ్చాడు. అప్పుడు మేం పిట్స్‌బర్గ్ దగ్గర ఉండేవాళ్ళం. అమెరికా వచ్చిన పెద్దవాళ్ళందరి బాధే ఆయనకీ పట్టుకుంది. ఎవరైనా కారు తీస్తే తప్ప గడప దాటే వీలు లేదు. టీవీ చూడడు, నిద్రపోడు. వరండాలో కూర్చుని దూరంగా వినపడే గూడ్సుబండి కూతలు లెక్కపెట్టేవాడు.

ఒక శనివారం అందరం వెస్ట్ న్యూటన్ వెళ్ళాం. నది ఒడ్డున చదునైన బాట, దాని మీద సైకిళ్ళ వాళ్ళు. మావయ్య కాసేపు అటూ ఇటూ చూసి, "ఇది రోడ్డు కాదురా అల్లుడూ, రైలు కట్ట" అన్నాడు. ఎలా తెలిసిందంటే, "ఆ మలుపు చూడు. బండి కోసం వేసిన మలుపు అది. రోడ్డయితే అంత నిదానంగా తిరగదు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. మెకీస్‌పోర్ట్ నుంచి కానెల్స్‌విల్ దాకా ఆ బాట పాత పిట్స్‌బర్గ్ అండ్ లేక్ ఈరీ రైల్‌రోడ్ కట్ట. మైళ్ళు తక్కువ, మోసే సరుకు ఎక్కువ కాబట్టి ఆ కంపెనీని 'లిటిల్ జయంట్' అనేవాళ్ళు. కానెల్స్‌విల్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ దాకా వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే కట్ట. రెండూ కలిపి గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ అంటారు. మొత్తం 150 మైళ్ళు. పిట్స్‌బర్గ్ నడిబొడ్డుకి చేరే చివరి ముక్క 2013లో గానీ కలవలేదు. మేం వెళ్ళేనాటికి అది ఇంకా పూర్తికాలేదు.

"ఈ చివర నుంచి ఆ చివరకి తొక్కుదామా?" అన్నాడు. అత్తయ్య ససేమిరా అంది. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు పొద్దున లేచి చూస్తే బల్ల మీద బీపీ మాత్రలు రోజువారీగా పొట్లాలు కట్టి, మీద వారాల పేర్లు రాసి ఉన్నాయి.

*

మొదటి రోజు జ్ఞాపకమంతా చెవుల్లోనే ఉంది. చక్రాల కింద రాతిపొడి కరకర. మావయ్య సైకిలు క్యారియర్‌కి కట్టిన సంచి బకిల్ టకటక. ఎడమపక్క చెట్ల సందుల్లోంచి యాకొగేనీ నది. ఆ పేరు పలకడం కష్టమని అక్కడివాళ్ళూ 'యాక్' అనే అంటారు. మావయ్యది అద్దె సైకిలు. గేర్లు ఇరవైకి పైనే ఉన్నాయి. ఒకటి కుదిరిందని చూసుకుని దాన్నే ఉంచేశాడు, మళ్ళీ వేలు పెట్టలేదు.

పొదల్లో ఒక సిమెంటు స్తంభం, దాని మీద 'డబ్ల్యూ' అక్షరం. నేను దాటేశాను. వెనక బ్రేకు చప్పుడైతే తిరిగి చూశాను. మావయ్య దిగి, ఆ స్తంభం మీద చెయ్యేసి నిలబడ్డాడు. "విజిల్ బోర్డురా! ముందు గేటుంది." ముందుకు పోతే నిజంగానే రోడ్డు అడ్డం వచ్చింది. పట్టాలు లేవు, గేటు లేదు, బండి రాదు. కూత వెయ్యమని చెప్పే స్తంభం మాత్రం తన పని తాను చేస్తూనే ఉంది.

వెస్ట్ న్యూటన్ దాటి కొన్ని మైళ్ళు పోతే వాన్ మీటర్ దగ్గర డార్ గని ఫలకం వస్తుంది. 1907 డిసెంబర్ 19న అక్కడి బొగ్గుగని పేలి 239 మంది చచ్చిపోయారు. వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. ఆ రోజు తూర్పు క్రైస్తవులకి సెయింట్ నికొలస్ పండగ. చర్చికి పోయినవాళ్ళు చాలామంది బతికిపోయారు. మావయ్య ఫలకం అంతా కూడబలుక్కుని చదివి, టోపీ తీసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత రెండు మైళ్ళు పోయాక, ఒకసారి వరదలో కొట్టుకుపోయిన తన గ్యాంగ్‌మన్ సంగతి చెప్పాడు. అంతకుముందు మా ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

కానెల్స్‌విల్ దగ్గరపడుతుంటే గట్టు వారగా బొగ్గుని కాల్చి కోక్ చేసే పాత బట్టీలు కనపడతాయి. గుమ్మటంలా కట్టిన ఇటుక గూళ్ళు, ఇప్పుడు సగం కూలి నాచు పట్టిపోయాయి. ఒకప్పుడు పిట్స్‌బర్గ్ ఉక్కు కొలుములకి కోక్ ఇక్కడి నుంచే వెళ్ళేది. అక్కడక్కడ గట్టు మీంచి నారింజ రంగు నీరు కారుతూ రాళ్ళకి తుప్పు రంగు పూస్తుంటుంది. పాత గనుల్లోంచి ఇనుమును కలుపుకుని వచ్చే నీరు అది. "గని మూశారు గానీ నీటిని మూయలేకపోయారు" అన్నాడు మావయ్య.

*

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే బాగా గుర్తున్న చోటు ఏ మ్యాపులోనూ లేదు. అదొక కల్వర్టు.

కానెల్స్‌విల్ దాటాక కొండవాలులో ముగ్గురు ముసలివాళ్ళు పనిచేస్తున్నారు. ఒకాయన గడ్డి కోసే యంత్రంతో, ఇంకొకాయన రంపంతో. మూడో ఆయన పారతో ఒక తూము ముందు పేరుకున్న ఆకులూ మట్టీ లాగుతున్నాడు. పలకరిస్తే, దారిని చూసుకునే వాలంటీర్లమని చెప్పారు. జీతం లేదు. వారానికోసారి వస్తారు. మావయ్యకి ఈ మాట అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. నన్ను మళ్ళీ మళ్ళీ అడిగాడు. "డబ్బులివ్వరా? ఎవరూ పంపలేదా? వీళ్ళే వచ్చారా?"

తర్వాత సైకిలుకి స్టాండు వేసి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కల్వర్టులోకి దిగిపోయాడు.

రాతి కల్వర్టు. ఆర్చి రాళ్ళు ఒకదానికొకటి చక్కగా పట్టుకుని ఉన్నాయి. మావయ్య ముందు ఆ రాళ్ళని అరచేత్తో తట్టి చూశాడు. తరవాత తూములోకి వంగి, లోపలికి చెయ్యి పెట్టి, తీసి, వేళ్ళకంటిన మట్టిని నలిపి చూశాడు. పారతో లాగుతున్న పెద్దాయన్ని ఆపి, తన ఇంగ్లీషులో చెప్పాడు. నీరు వచ్చే వైపు తవ్వితే లాభం లేదు, పోయే వైపు ముందు ఖాళీ చెయ్యాలి, అప్పుడు లోపలి మట్టిని నీరే తోసుకుపోతుంది అని. చేతులతో చూపించాడు. ఆ పెద్దాయన పార ఆయన చేతికిచ్చాడు.

గంటన్నర పైనే అక్కడ ఉన్నాం. నేను కొమ్మలు ఎత్తిపోశాను. మావయ్య పార వేస్తుంటే ఆ చేతులకి వయసు లేదు. ఒక్కసారిగా మట్టికట్ట తెగి, లోపల ఆగిన నీరు గలగలా పోయినప్పుడు నలుగురూ కేకలు పెట్టారు. రంపం పట్టుకున్నాయన ఉక్కు కార్ఖానాలో పనిచేసి రిటైరయ్యాడట. మావయ్య తన సర్వీసు చెప్పాడు. ఒకరి మాట ఇంకొకరికి సగమే అర్థమైంది గానీ, రైలు కట్టకి శత్రువు నీరేనన్న చోట ఇద్దరూ తలలూపారు.

*

ఒహాయోపైల్ గురించి ఎంత రాసినా సరిపోదు గనక కొంచెమే రాస్తాను. అక్కడ నది మెలిక తిరుగుతుంది. రైలుకి అంత తిరిగే ఓపిక లేక రెండు వంతెనలతో నదిని రెండుసార్లు దాటి సూటిగా పోయింది. వంతెన మీద నిలబడితే కింద తెల్లటి నురగలో రబ్బరు పడవలు. 1754లో జార్జ్ వాషింగ్టన్ పడవదారి వెతుక్కుంటూ ఈ నదిలో వచ్చి, ఇక్కడి జలపాతం చూసి ఇటు కుదరదని వెనక్కి మళ్ళాడు. ఈ దారిలో మొదట తెరిచిన తొమ్మిదిన్నర మైళ్ళ ముక్క కూడా ఇక్కడిదే, 1986లో. ఫోన్లకి సిగ్నల్ లేదు. అత్తయ్యకి పోస్టుకార్డు రాసి డబ్బాలో వేశాం. అది మేం ఇల్లు చేరాక వచ్చింది.

రాత్రుళ్ళు బండ్లు. నది అవతలి ఒడ్డున పాత బాల్టిమోర్ అండ్ ఒహాయో లైను ఇప్పటికీ నడుస్తోంది. మేం పడుకున్న ప్రతి ఊళ్ళోనూ అర్ధరాత్రి కూత వినపడేది. గేటు దగ్గర రెండు పొడుగు కూతలు, ఒక పొట్టి, మళ్ళీ ఒక పొడుగు. ఇక్కడ గేటు కూత అదే. మావయ్య చీకట్లో లేచి కూర్చునేవాడు. వ్యాగన్లు పట్టాల అతుకుల మీద పడుతున్న చప్పుడుని బట్టి, "లోడు బండి" అనో "ఖాళీ" అనో చెప్పి మళ్ళీ పడుకునేవాడు.

కాన్‌ఫ్లూయెన్స్ దాటాక క్యాసల్‌మన్ నది పక్కన పోయే దారి మొత్తంలో నాకు ఇష్టమైనది. మనుషులు తక్కువ. ఆ ఒడ్డున ఆ లైను, ఈ ఒడ్డున మా కట్ట. ఒకే లోయలో రెండు రైల్వేలు ఎందుకని మావయ్యకి అనుమానం. నాకు తెలిసింది చెప్పాను. వెస్టర్న్ మేరీలాండ్ వాళ్ళు పోటీగా వచ్చి 1912లో ఈ లైను పూర్తిచేశారు. అరవై ఏళ్ళ తర్వాత రెండు కంపెనీలూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఒక లోయలో రెండు లైన్లు దండగని, 1975లో దీన్ని వదిలేశారు. మావయ్యకి కోపం వచ్చింది. ఆ కోపం నిజమైనది. "ఇంత కటింగు కొట్టి, ఇన్ని వంతెనలు వేసి, అరవై ఏళ్ళకే వదిలేశారా? ఎంతమంది చెమటరా ఇది?"

పింకర్టన్ దగ్గర నది గుండ్రంగా తిరిగి వస్తుంది. రైలు ఆ మెడని సొరంగంతో అడ్డంగా కోసి పోయింది. అప్పటికి ఆ సొరంగం శిథిలమై మూసి ఉంది. సైకిళ్ళని చుట్టూ, కొండ అంచున తిప్పేవాళ్ళు. 2015లో బాగుచేసి తెరిచారు. మావయ్య మూసిన ద్వారం దాకా వెళ్ళి లోపలికి తొంగి చూసి, "పైనుంచి నీరు దిగుతోంది. పైన కాలవ తియ్యాలి" అన్నాడు. ఎవరికి చెప్పాడో తెలియదు.

*

మేయర్స్‌డేల్ ముందు సాలిస్‌బరీ వంతెన. పొడవు 1,908 అడుగులు, లోయకి నూరడుగుల ఎత్తున. కింద నది, పొలాలు, హైవే, ఆ రెండో రైల్వే లైను, అన్నీ దాటుతుంది. దూరంగా కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి. నేను తొక్కుకుంటూ పోబోతే మావయ్య ఆపాడు. "వంతెన మీద నడవాలి."

నడిచాం. సగందూరం పోయాక కింద గూడ్సుబండి వచ్చింది. వంతెన కమ్మీ పట్టుకుని మొత్తం బండి పోయేదాకా చూశాడు. తర్వాత నల్లమల ఘాట్ సంగతి ఎత్తాడు. దొరబావి వంతెన మీద ట్రాలీలో వెళ్తుంటే కింద అడవి ఎలా కనపడేదో, వాన రోజుల్లో ప్రతి స్తంభాన్నీ దిగి ఎలా చూసేవాళ్ళో చెప్పాడు. బ్రాడ్‌గేజి వచ్చినప్పుడు లైను వేరే దారిన వేశారు. పాత వంతెన మీంచి పట్టాలు పీకేశారు. ఆ పని ఆయన కళ్ళముందే జరిగింది. "ఒక్కసారి వెళ్ళి చూశాను. దారంతా కంపచెట్లు. పోలేకపోయాను. ఇక్కడ వీళ్ళు పట్టాలు తీశారు గానీ దారిని తియ్యలేదు" అన్నాడు.

ఆ మాట తర్వాత మావయ్య తొక్కే తీరు మారింది. అప్పటిదాకా లైను చూస్తూ తొక్కేవాడు. ఇక ఎదురొచ్చిన ప్రతి మనిషికీ చెయ్యూపేవాడు.

*

మర్నాడు పొద్దున శిఖరం. ఎక్కుతున్నట్టే ఉండదు. కానెల్స్‌విల్ నుంచి అరవై మైళ్ళకి పైగా ఎక్కి, 2,392 అడుగుల ఎత్తుకి చేరతాం. సగటున 230 అడుగులకి ఒక అడుగు ఎత్తు. ఆ లెక్క మావయ్య నోటితోనే వేశాడు. అక్కడ చిన్న వంతెన కింద గోడమీద బొమ్మలు, ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ అని బోర్డు. ఆ గట్టుకి పడమట పడిన చినుకు యాకొగేనీలో కలిసి, ఒహాయో, మిసిసిపీ మీదుగా మెక్సికో సింధుశాఖకి పోతుంది. తూర్పున పడింది పొటోమాక్‌లో కలిసి చెసపీక్ అఖాతానికి. మావయ్య సీసాలో నీళ్ళు అటు కొంచెం, ఇటు కొంచెం పోశాడు. అక్కడికొచ్చిన ఒక చిన్నపిల్ల అది చూసి తనూ పోసింది.

అక్కడి నుంచి దిగుడు మొదలు. బిగ్ సావేజ్ సొరంగం 3,294 అడుగులు. బయట ఎండ, లోపల అడుగుపెట్టగానే చలి. దీపాలున్నాయి గానీ మధ్యకి వచ్చేసరికి రెండు చివర్లూ చిన్న చుక్కలే. శీతాకాలం ఈ సొరంగానికి తలుపులు వేసేస్తారు. లోపలికి చలిగాలి పోతే ఊరిన నీరు గడ్డకట్టి గోడల్ని పగలగొడుతుంది. మావయ్యకి నచ్చిన సంగతుల్లో ఇది ముందుంటుంది. సొరంగానికి తలుపు! దాని కీళ్ళు ఎలా బిగించారో చాలాసేపు చూశాడు. అవతల బయటికి రాగానే లోయ మొత్తం ఒక్కసారి కళ్ళ ముందు పరుచుకుంటుంది. ఇంకాస్త దిగితే మేసన్–డిక్సన్ రేఖ, 1763–67 మధ్య కొలిచి గీసిన హద్దు. ఒక కాలు పెన్సిల్వేనియాలో, ఒక కాలు మేరీలాండ్‌లో పెట్టి ఫోటో దిగాం.

ఫ్రాస్ట్‌బర్గ్ నుంచి పక్కనే పట్టాలు. నిజం పట్టాలు. కంబర్లాండ్ నుంచి పర్యాటకుల ఆవిరిబండి కొండెక్కి వచ్చేది, 734 నంబరు ఇంజను. స్టేషన్ పక్కన టర్న్‌టేబుల్ మీద, అంటే గుండ్రంగా తిరిగే పట్టాల వేదిక మీద, ఇంజన్ని తిప్పుతుంటే జనం కంచె చుట్టూ మూగారు. బొగ్గు పొగ, వేడి నూనె, ఆవిరి. మావయ్య ముఖం అలా వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ బండి తిరిగి దిగుతూ మమ్మల్ని దాటినప్పుడు, మావయ్య సైకిలు దిగి, బాట వారన నిటారుగా నిలబడి, మెడలోని ఆకుపచ్చ తువ్వాలు విప్పి ఊపాడు. గ్యాంగ్‌మన్ బండికి 'ఆల్ రైట్' చూపించినట్టే. డ్రైవరు రెండు పొట్టి కూతలు వేశాడు.

కంబర్లాండ్‌లో దారి అయిపోతుంది. అక్కడ మొదలయ్యేది పాత చెసపీక్ అండ్ ఒహాయో కాలవ గట్టు. అది ఇంకో 184.5 మైళ్ళు, వాషింగ్టన్ దాకా. కాలవ 1850లో ఇక్కడికి చేరేసరికే రైలు వచ్చి ఎనిమిదేళ్ళయింది. 1924 వరదల్లో గట్లు తెగాక కాలవ మళ్ళీ నడవలేదు. "మళ్ళీ నీరే" అన్నాడు మావయ్య. అటు కూడా పోదామన్నాడు గానీ తిరుగు టికెట్ల తేదీ దగ్గరపడింది.

*

ఇండియా వెళ్ళాక పెన్షనర్ల సంఘంలో ఈ దారి గురించి మావయ్య మాట్లాడాడట. బోర్డు మీద ఎత్తుపల్లాల పటం గీసి మరీ చెప్పాడని బావ అన్నాడు. ఆ తర్వాత రెండు మూడేళ్ళకి, ఇక్కడ అర్ధరాత్రి ఫోన్ మోగింది. ఇంట్లో ఎవరికేమైందోనని గుండె జారింది. మావయ్యే.

"మీ వైపు పెద్ద వానలని టీవీలో చూపించారు. మనం తీసిన ఆ కల్వర్టు ఎలా ఉందో చూశావా?"

శనివారం కారేసుకుని వెళ్ళాను. ఎవరో అప్పటికే శుభ్రం చేసి ఉంచారు. నీరు బాగానే పోతోంది. అక్కడి నుంచే ఫోన్ చేసి చెప్పాను.

"నీళ్ళొచ్చే వైపు చూశావా, పోయే వైపు చూశావా?"

రెండు వైపులా చూశానని, వచ్చే వైపు కొమ్మ ఒకటి అడ్డం పడి ఉంటే లాగేశానని చెప్పాను.